పాత ఆయిలు ఇంజను: నడుపుటకు ముందు ఆపుట

పల్లెలకు విద్యుత్తు రాకమునుపు మన మెట్టసీమలలో మోట ఎద్దులకు విశ్రాంతి నిచ్చినది ఆయిలు ఇంజను. బావిగట్టున దాని చప్పుడు ఊరంతటికిని వినబడుచుండెడిది. అట్టి ఇంజనులు కొన్ని నేటికిని పశువులశాల మూలలో గోనెపట్టా క్రింద తుప్పు పట్టి పడియున్నవి. తాతగారు కొనిన యంత్రమును పాత ఇనుము క్రింద తూకమునకు అమ్ముటకు మనసొప్పక, దానిని మరల నడిపింపగోరు మనుమలును కలరు. ఆ కోరిక మెచ్చదగినదే. కాని వారు మొదట నేర్వవలసినది ఇంజనును నడుపుట కాదు, దానిని ఆపుట.

ఉదాహరణమునకు లిస్టరు ఇంజనును తీసికొందము. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణమున లిస్టరు కంపెనీ ఈ రకమును 1930 ప్రాంతమున వెలువరించినది. దాని నమూనాననుసరించి గుజరాతులోని రాజకోటలో ఎన్నో ఇంజనులు తయారైనవి. ఒకే సిలిండరు, దానికి ఇరుప్రక్కల రెండు బరువైన చక్రములు. ఐదు హార్సుపవరు ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగును. రెండు చుట్లకొకమారు చమురు మండును గనుక సెకనునకు ఐదు దెబ్బలు వినబడును.

ఇందులో నిప్పురవ్వ పుట్టించు సాధనమేదియు లేదు. పిస్టను అదుముటచే సిలిండరులోని గాలి మిక్కిలి వేడెక్కును. ఆ గాలిలో సన్నని తుంపరగా పడిన డీజిలు తనంతట తానే అంటుకొనును. 1892లో హార్న్‌స్బీ కంపెనీ అమ్మనారంభించిన ఆక్రాయిడు ఇంజనులను బ్లోలాంపు మంటతో ముందుగా కాచవలసియుండెను. దీనికి ఆ శ్రమ లేదు. అయితే ఈ సౌకర్యములోనే అపాయమును దాగియున్నది. పెట్రోలు ఇంజను నిప్పురవ్వను తప్పించినచో ఆగిపోవును. డీజిలు ఇంజను చమురు అందినంతసేపు ఆగదు.

చమురు పంపులో చిన్న పళ్లకడ్డీ ఒకటి కలదు. అది జరిగినకొలది చమురు హెచ్చుటయు తగ్గుటయు జరుగును. వేగము మించినపుడు గవర్నరు దానిని వెనుకకు లాగును. ఏండ్ల తరబడి నిలిచిన డీజిలు జిగురుగా మారి ఈ కడ్డీని బిగబట్టును. అది పూర్తిగా తెరచుకొని బిగిసియున్నపుడు ఇంజను అందుకొన్నచో వేగమునకు హద్దుండదు. వేగము రెండింతలైనచో చక్రమును చీల్చు బలము నాలుగింతలగును. పోతఇనుప చక్రము పగిలిన యెడల ప్రాణములకే ముప్పు.

కావున పనిని ఈ క్రమమున సాగింపవలెను. మొదట అడుగుననున్న పాత ఆయిలును దింపి, మడ్డిని తుడిచి, కొత్త ఆయిలు పోయవలెను. పిస్టను పట్టుకొనియున్నచో నాజిలు ఊడదీసి, ఆ రంధ్రము ద్వారా కిరసనాయిలు, ఆయిలు కలిపి పోసి, కొన్నిదినములు నాననిచ్చి, చక్రమును చేతితో మెల్లగా అటునిటు ఊపవలెను. గడ్డపారతో చక్రపు ఆకులను పెకలింపరాదు, అవి విరుగును. పిస్టను వదలిన పిదప, నాజిలు బిగింపకయే చక్రమును పలుమార్లు త్రిప్పి, పోసిన ఆయిలును వెలికి పంపవలెను. అది లోపల మిగిలినచో కనెక్టింగురాడు వంగవచ్చును, లేదా ఆ ఆయిలే మండి ఇంజను అదుపు తప్పవచ్చును.

పిమ్మట చమురు తొట్టిని, గొట్టములను కడిగి, పళ్లకడ్డీ వ్రేలితో నెట్టగనే సులభముగా జరుగువరకు శుభ్రము చేయవలెను. ఇది కానిదే ముందుకు పోరాదు. గాలి పీల్చు మూతికి సరిపడు చెక్కపలక నొకదానిని చేరువలో ఉంచుకొనవలెను. కడ్డీ మొరాయించినచో ఆ మూతిని పలకతో మూసి ఊపిరి బిగబట్టింపవచ్చును. అరచేయి గాని గుడ్డ గాని అడ్డము పెట్టరాదు. నాజిలు తుంపరకును చేయి చూపరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు.

ఇక త్రిప్పుట. నీటితొట్టి నింపి, చమురు గొట్టములోని గాలిని తీసివేసి, వాల్వును ఎత్తిపట్టు మీటను లేపి, హ్యాండిలు త్రిప్పవలెను. పంచె కుచ్చెళ్లు, ఉత్తరీయము ముందే బిగించుకొనుడు. బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉండవలెను. ఇంజను ఎదురుతన్నినచో చేయి దక్కును. నాజిలు కిర్రుమను చప్పుడు వినబడి చక్రములు వేగమందుకొనగనే మీటను దింపుడు. ఇంజను అందుకొనినంతనే హ్యాండిలును విడిచిపెట్టక ఇరుసునుండి వెలికి లాగుకొనుడు.

సెకనునకు ఐదు దెబ్బలు మరల వినబడినపుడు ఇంటిల్లిపాదికి కలుగు ఆనందము చెప్పనలవి కాదు. అయినను ఆ సంతోషమును ఒక్క నిమిషము ఆపుకొని, కడ్డీని మూసి చూడుడు. చక్రములు క్రమముగా నెమ్మదించి నిలిచినచో, తాతగారి ఇంజను మరల మీ వశమైనదని నమ్మవచ్చును. రంగు వేయుట ఆ తరువాతి పని.