ఉదయము శస్త్రచికిత్స, సాయంకాలము స్వగృహము

పెద్దప్రేగులో ఒక భాగమును కోసి తీసివేయించుకొన్నవాడు వారము పదిదినములైనను ఆసుపత్రి మంచమును విడువరాదనుట, మొన్నమొన్నటివఱకు రోగికిని, అతని బంధువులకును, కడకు వైద్యునికిని నిర్వివాదమైన నియమముగ నుండెను. ముక్కుగుండ జీర్ణకోశములోనికి ఒక గొట్టము, చేతికి సెలైను, మూత్రమునకు వేఱొక గొట్టము, ప్రతి ఉదయమును "గాలి పోయినదా?" యని వైద్యుడడుగు ప్రశ్న - ఇవి యన్నియు ఆ నియమమునకు అంగములు. అట్టి శస్త్రచికిత్సనే ఉదయమున చేయించుకొని, సాయంకాలమునకు తన యింటికి చేరుకొను రోగులు నేడు ఫ్రాన్సు, కెనడా మున్నగు దేశములందు కొందఱు కలరు. సాహసమువలె తోచు ఈ పద్ధతి వెనుక ముప్పదియేండ్ల విచారణ యున్నది.

రోగిని అన్ని దినములు నిలిపి యుంచుటకు ప్రధానమైన హేతువు ప్రేగు స్తంభించుట. ప్రేగును చేతులతో కదల్చినపుడు అది కొంతకాలము చలనము మానును. చిన్నప్రేగు కొన్ని గంటలలోనే మేల్కొనును. జీర్ణకోశమునకు ఒకటి రెండు దినములును, పెద్దప్రేగునకు రెండు మూడు దినములును పట్టును. విశాలమైన కోత, మార్ఫిను జాతి మందులు, మితిమీరిన సెలైను ఈ స్తంభనమును దీర్ఘతరము చేయును. అంతియే గాక, రోగి హితము గోరి విధించిన ఉపవాసమును, శయ్యావిశ్రాంతియు గూడ కోలుకొనుటకు ఆటంకములే యగుచున్నవని క్రమముగ తేలినది.

ఈ సంగతిని శాస్త్రీయముగ పరిశీలించినవారిలో అగ్రగణ్యుడు డెన్మార్కు దేశపు శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్. శస్త్రచికిత్స శరీరమున కలిగించు క్షోభ ఏ ఒక్క మందుతోను శమించునది కాదనియు, నొప్పి నివారణము, ఆహారము, నడక, ద్రవముల మితి - వీనిని అన్నిటిని ఏకకాలమున సవరింపవలయుననియు ఆయన ప్రతిపాదించెను. అంతకుముందే, 1990లో అమెరికాలోని మయామీ నగరమున మోయిసెస్ జేకబ్స్ లాపరోస్కోపుతో, అనగా పొట్టను విశాలముగ కోయక చిన్నరంధ్రముల గుండ, పెద్దప్రేగు శస్త్రచికిత్స చేసియుండెను. ఈ రెండు మార్గములును కలిసినపుడు ఫలము ఆశ్చర్యకరమయ్యెను: కొద్దిమంది వృద్ధరోగులు సుమారు రెండు దినములలో ఇల్లు చేరిరని కెలెట్ బృందము 1995లో ప్రకటించెను. పిదప ఐరోపా వైద్యులు ఈ విధానమును క్రమబద్ధము చేసి, 2010లో దానికై ఒక అంతర్జాతీయ సంఘమును స్థాపించిరి. రెండు దినములు ఒక దినముగ కుదించుటకు దారి అచ్చటనే తెఱచుకొన్నది.

ఆ ఒక్కదినము గడచు తీరు గమనింపదగినది. పూర్వమువలె అర్ధరాత్రినుండి నోరు కట్టివేయక, తగిన రోగులకు శస్త్రచికిత్సకు రెండుగంటల ముందు వఱకు తేటనీటిని, చక్కెరపానీయమును త్రాగనిత్తురు. శీఘ్రముగ దిగిపోవు మత్తుమందులు వాడుదురు. పొట్టగోడలోని నరములకు తిమ్మిరిమందు ఎక్కించి మార్ఫిను అవసరమును తగ్గింతురు. పొట్టను కార్బన్ డయాక్సైడు వాయువుతో ఉబ్బించి, చిన్నచిన్న రంధ్రముల గుండ పరికరములను పంపి, రుగ్మభాగమును వేఱుచేసి, మిగిలిన కొనలను స్టేప్లరుతో అతికి, కోసిన భాగమును కొద్ది సెంటీమీటర్ల గాటుగుండ వెలికి తీయుదురు. మెలకువ వచ్చిన కొన్ని గంటలలోనే రోగి నీరు త్రాగును, మంచము దిగి నడచును, మూత్రము విడుచును. వాంతి లేక, నొప్పి మాత్రలకు లొంగినచో, అప్పుడు గాని ప్రయాణపు మాట యెత్తరు.

అయినను, అతికిన చోట ప్రేగు లీకగునను భయమొకటి మిగిలియే యున్నది. ఈ శస్త్రచికిత్సలో మిక్కిలి ప్రమాదకరమైన ఉపద్రవ మదియే. అది తఱచుగా మూడవదినమునకు పిమ్మట, ఒక్కొక్కప్పుడు వారము దాటిన తరువాత బయటపడును. కావున మొదటి రాత్రి ఆసుపత్రిలో పరుండినంతమాత్రమున ఆ యాపద తప్పినదని చెప్పుటకు వీలులేదు. తరువాతి దినములలో ఎడతెగని కనిపెట్టుట కావలయును. అందుచేతనే మొదటివారమున నర్సు దినదినమును ఫోను చేయుట, రోగి తన స్థితిని మొబైలు యాప్‌లో తెలుపుట, నెత్తురు పరీక్ష చేయించుట మున్నగు ఏర్పాట్లు ఈ పద్ధతికి ప్రాణములైనవి. జ్వరము, గుండెదడ, పొట్ట ఉబ్బరము, తగ్గక పెరుగుచున్న నొప్పి, మానని వాంతులు - వీనిలో ఏ ఒక్కటి కనబడినను వేళ చూడక ఆసుపత్రికి మరలవలయును.

ఈ సౌకర్యము అందఱికిని తగినది కాదు. ప్రేగు చిల్లుపడి అత్యవసరముగ చేరినవారు, తీవ్రమైన గుండెజబ్బు గలవారు, అదుపులేని మధుమేహము గలవారు, ఇంట ఒంటరిగ నుండువారు దీనికి అర్హులు కారు. దూరము గూడ విచార్యమే: పాడేరు కొండలనుండి విశాఖపట్టణమునకో, ఆదిలాబాదు పల్లెనుండి హైదరాబాదునకో వచ్చినవానికి, ఆ రాత్రియే సొంతయూరికి పయనము క్షేమము కాజాలదు, ఆసుపత్రికి చేరువనున్న బంధువుల యింట వారముపాటు నిలుచుటయే వానికి విహితము.

ఎవరేని ఈ చికిత్సకు పూనుకొనునపుడు వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు మూడు: నా రోగమునకును, నా దేహమునకును ఇది తగునా? ఇంటికి పోయిన పిదప నన్ను ప్రతిదినమును విచారించువారెవరు? అర్ధరాత్రి కడుపునొప్పి హెచ్చినచో ఏ నంబరుకు ఫోను చేయవలయును? ఈ మూడింటికిని స్పష్టమైన సమాధానము లభింపనిచో, ఆసుపత్రిలో మఱి రెండు రాత్రులు గడపుట వలన రోగికి నష్టమేమియు లేదు.