బడి రాకెట్ జట్టులో చేరుతున్నారా? ముందు మోటారు సంగతి అడగండి

బిలాస్‌పూర్ జిల్లా మస్తూరీ లాంటి చోట బడి పిల్లలు మోడల్ రాకెట్ జట్టు కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికంటే ఎత్తుకు ఎగిరిందే గెలుస్తుందనుకుంటే పొరపాటే. అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్ 2024లో జట్లకు ఇచ్చిన లక్ష్యం ఇది: కోడిగుడ్డును 820 అడుగులకు పంపి, 43-46 సెకన్లలో పగలకుండా దించాలి. ఎక్కువ ఎగిరినా నష్టమే. అందుకే బరువు తూచేవారు, పారాచూట్ మడిచేవారు, ప్రతి ప్రయోగం లెక్క రాసేవారు అందరూ కావాలి.

అసలు ప్రమాదం మోటారుతోనే. ఇంధనాన్ని ఇంట్లో కలపడం ప్రాణాల మీదికి తెస్తుంది. పేలుడు పదార్థాల తయారీకి 1884 నాటి చట్టం ప్రకారం లైసెన్సు కూడా ఉండాలి. ఫ్యాక్టరీ మోటారైనా దూరం నుంచి కరెంటుతోనే అంటించాలి. అంటుకోకపోతే నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లాలి. రైల్వే లైన్ల పైతీగల్లో 25,000 వోల్టులు ఉంటాయి. అక్కడ చిక్కుకున్న రాకెట్‌ను వదిలేయాల్సిందే.

నిప్పు లేకుండానూ నేర్చుకోవచ్చు. ప్లాస్టిక్ సీసా, కొంచెం నీళ్లు, సైకిల్ పంపుతో నీటి రాకెట్ ఎగురుతుంది. దాని మీదికి వంగకుండా, దూరం నుంచే వదలాలి. 30 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే, నిట్టనిలువుగా ఎగిరిన రాకెట్ 45 డిగ్రీల కోణంలో కనిపిస్తే, అది మన కంటికి 30 మీటర్ల పైన ఉన్నట్టు. పదో తరగతి త్రికోణమితి ఇదే.

పిల్లల్ని చేర్చే ముందు తల్లిదండ్రులు అడగాల్సింది ఒక్కటే: మోటారు ఎక్కడిది, అంటించేటప్పుడు పక్కన ఉండే పెద్దవాళ్లెవరు?