యానిమట్రానిక్ దున్న తల: కోడ్ చివర్లో, మట్టి ముందు

బాహుబలి మొదటి భాగం (2015)లో భల్లాలదేవుడు అడవిదున్నతో తలపడే సీన్ గుర్తుందా? అక్కడ నిజం దున్న లేదు. 2001లో పెర్ఫార్మింగ్ యానిమల్స్ రూల్స్ వచ్చాక సినిమాలో జంతువుని వాడాలంటే రిజిస్ట్రేషన్, ముందస్తు అనుమతి కావాలి. 2011లో అయితే ఎద్దుల్ని ప్రదర్శించకూడని జంతువుల జాబితాలోనే చేర్చారు. బాహుబలికి ఆర్ట్ డైరెక్టర్ సాబు సిరిల్ టీమ్ యానిమట్రానిక్ జంతువుల్ని తయారు చేసింది, మిగతా పని విజువల్ ఎఫెక్ట్స్ వాళ్లు చూసుకున్నారు. అంతకు ముందు రోబో (2010) కోసం రజనీకాంత్ యానిమట్రానిక్ బొమ్మల్ని అమెరికాలోని లెగసీ ఎఫెక్ట్స్ చేసిచ్చింది.

ఈ ఐడియా మనకి కొత్తేం కాదు. కీలుబొమ్మ, కీలుగుర్రం అనే మాటలు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. 1949లో కీలుగుర్రం పేరుతో ఏఎన్నార్ సినిమానే వచ్చింది. జాతరల్లో బుట్టబొమ్మల్ని చూసే ఉంటారు. వెదురు బుట్ట మీద తేలికైన తల పెట్టి, లోపల మనిషి దూరి గంటల తరబడి ఆడతాడు. మనం చేయబోయేది కూడా అదే, కాకపోతే కళ్లు ఆర్పుతుంది, చెవులు కదుపుతుంది.

బాహుబలి సెట్లు వేసిన రామోజీ ఫిల్మ్ సిటీ మా అన్నోజిగూడ నుంచి ఓఆర్ఆర్ మీద ఎంతో దూరం కాదు. అక్కడి బడ్జెట్ మాత్రం చాలా దూరం. హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్‌కి వేసుకెళ్లేలా, అద్దె ఫ్లాట్ బాల్కనీలో అడవిదున్న తల చేయాలంటే ఏం కావాలన్నదే ఈ ఆర్టికల్. తల పెట్టుకునేది నా రూమ్మేట్. కాబట్టి స్పెక్ షీట్‌లో మొదటి లైన్ సర్వోల సంఖ్య కాదు, వాడి మెడ.

ముందు బరువు లెక్క

ఫుల్ ఫేస్ బైక్ హెల్మెట్ దాదాపు కిలోన్నర ఉంటుంది. అది పెట్టుకుని ఉప్పల్ దాకా వెళ్లొస్తేనే మెడ పట్టేస్తుంది. దున్న తలలో బరువంతా ముందుకి, మూతి వైపు ఉంటుంది కాబట్టి అదే కిలోన్నర ఇంకా ఎక్కువగా లాగుతుంది. అందుకే రెండు కిలోలు దాటకూడదని గీత గీసుకున్నాం.

ఇప్పుడు చర్మం సంగతి. మా డిజైన్‌లో తల ఉపరితలం సుమారు 3500 చదరపు సెంటీమీటర్లు. 5 మిల్లీమీటర్ల మందంతో సిలికాన్ పోస్తే 1750 సీసీ. సిలికాన్ నీళ్ల కంటే కొంచెం బరువు, అంటే చర్మం ఒక్కటే దాదాపు 1.9 కిలోలు. బడ్జెట్ అక్కడే అయిపోయింది. 3 మిల్లీమీటర్లకి తగ్గించినా 1.1 కిలోలు. అదే వైశాల్యానికి 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ రెండొందల గ్రాములు కూడా తూగదు.

కాబట్టి మా నిర్ణయం: కదిలే చోట మాత్రమే సిలికాన్. కనురెప్పలు, పెదాలు, ముక్కుపుటాలు. నుదురు, చెంపలు, మెడ ఫోమ్. యూట్యూబ్‌లో తల మొత్తం సిలికాన్ పోసే వీడియోలు చూడ్డానికి భలే ఉంటాయి. కానీ వాటిలో చాలా తలలు స్టాండ్ మీద నిలబడేవి, మనిషి మోసేవి కావు.

కొమ్ములకి మాత్రం మా హైవే మీదే ఒక ఐడియా దొరికింది. ఇదే వరంగల్ రోడ్డు మీద జనగామ దాకా వెళ్లి పక్కకి తిరిగితే చేర్యాల వస్తుంది. అక్కడి నకాషీ కళాకారులు రంపపు పొట్టుని చింతగింజల జిగురుతో కలిపి ముఖాల మాస్కులు చేస్తారు. ఆరాక గట్టిపడుతుంది, ఇసుక కాగితంతో రుద్దొచ్చు, రంగు బాగా పడుతుంది. థర్మోకోల్ కొమ్ము మీద అదే ముద్దని పల్చగా పూస్తే కొమ్ముకి కావాల్సిన గరుకుదనం వచ్చేస్తుంది. చెమట తగిలే లోపలి వైపు మాత్రం వాడకండి, తడికి మెత్తబడుతుంది.

మట్టి పని

ఇక్కడే అసలు మ్యాటర్ ఉంది. ముందు తల చెక్కేసి తర్వాత మోటార్లు ఎక్కడ పెట్టాలా అని చూస్తే కుదరదు. పాత హెల్మెట్ షెల్ మీద గట్టి కోర్ ఒకటి తయారు చేసి, కనుగుడ్లు, దవడ కీలు, చెవి కీళ్లు ముందే బిగించాలి. కనుగుడ్డుకి టేబుల్ టెన్నిస్ బంతి బాగా పనికొస్తుంది, వ్యాసం 40 మిల్లీమీటర్లు. ఆ బంతి చుట్టూనే రెప్పల్ని మట్టితో చెక్కాలి. బంతికీ రెప్పకీ మధ్య ఖాళీ ఎక్కువైతే దున్న నిద్రమత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది.

రెండో విషయం, పోజ్. కోపంగా నోరు తెరిచిన దున్నని చెక్కాలనిపిస్తుంది, సహజమే. కానీ చర్మం ఏ పోజ్‌లో పోత పోశామో, వదిలేస్తే మళ్లీ అక్కడికే వెళ్తుంది. పూర్తిగా తెరిచిన నోటిని మూస్తే పెదాలు ముడతలు పడతాయి. పూర్తిగా మూసిన నోటిని తెరవాలంటే సర్వో రబ్బర్ బ్యాండ్‌ని లాగినట్టు లాగాలి. అందుకే నోరు కొంచెం తెరిచి, రెప్పలు సగం వాల్చి చెక్కాలి. అప్పుడు రెండు వైపులా కదలడానికి చోటుంటుంది, చిన్న సర్వో సరిపోతుంది.

మట్టి కొనేటప్పుడు ఒక్కటి అడగండి: సల్ఫర్ ఉందా? ప్లాటినం క్యూర్ సిలికాన్‌కి సల్ఫర్ పడదు. అది తగిలిన చోట సిలికాన్ గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది. లేటెక్స్ గ్లౌజులతో కూడా ఇదే సమస్య, నైట్రైల్ గ్లౌజులు వాడండి.

అచ్చు

తలని రెండు ముక్కల అచ్చుగా తీస్తాం. విడదీసే గీత చెవుల వెనక నుంచి వెళ్తే అతుకు వెంట్రుకల కింద దాక్కుంటుంది. కొమ్ములు, చెవులు వేరే అచ్చులు, లేదంటే ప్లాస్టర్ లోపలికి మడత పడిన చోట ఇరుక్కుని రానే రాదు. మట్టి మీద వాజలిన్ పల్చగా రాసి, మొదటి పూత ప్లాస్టర్ బ్రష్‌తో బుడగలు లేకుండా వేయాలి. తర్వాత గోనె పట్టా ముక్కల్ని ప్లాస్టర్‌లో ముంచి పొరలుగా అతికించాలి. ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలకి ప్లాస్టర్‌లో కొబ్బరి పీచు కలిపేది ఇందుకే, పీచు లేని ప్లాస్టర్ దెబ్బ తగిలితే పగులుతుంది. ఒక హెచ్చరిక: ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. దాన్ని మనిషి ముఖం మీద నేరుగా మందంగా ఎప్పుడూ వేయకండి.

అచ్చు పూర్తిగా ఆరాక, మట్టి తీసేసి కోర్‌ని మళ్లీ లోపల పెడితే మధ్యలో మిగిలే ఖాళీయే చర్మం మందం. రెప్పల దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు దాటనివ్వకండి. షోర్ 10ఏ గ్రేడ్ సిలికాన్ కలిపాక దాదాపు 20 నిమిషాలు టైం ఇస్తుంది. అది ఏసీ గది లెక్క. ఏప్రిల్‌లో బాల్కనీలో చేస్తే అందులో సగం కూడా ఉండదు, తెల్లవారుజామున పోయండి.

ఎలక్ట్రానిక్స్, త్వరగా

ఇది మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. రెప్పలకి, చెవులకి ఆరు ఎంజీ90ఎస్ సర్వోలు, ఒక్కోటి 13 గ్రాములు. వీటి బదులు చవకైన ఎస్‌జీ90 కొనాలనిపిస్తుంది గానీ, వాటి ప్లాస్టిక్ గేర్లు సిలికాన్ లాగుడికి అరిగిపోతాయి. దవడకి ఒక ఎంజీ996ఆర్, 55 గ్రాములు. 16 చానెళ్ల పీసీఏ9685 బోర్డు, ఒక ఈఎస్‌పీ32. కోఠి గుజరాతీ గల్లీలో ఈ లిస్టు మొత్తం దొరుకుతుంది.

దవడ సర్వో ఇరుక్కుంటే ఒక్కటే రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. అన్నీ ఒకేసారి కదిలితే వోల్టేజ్ పడిపోయి ఈఎస్‌పీ32 రీసెట్ అవుతుంది, దున్న ఫ్రీజ్ అవుతుంది. సర్వోలకి వేరే 6 వోల్టుల సప్లై, రెండింటికీ కామన్ గ్రౌండ్, పక్కన ఒక 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. కోడ్‌లో ముఖ్యం రెప్పల టైమింగ్. సరిగ్గా ఐదు సెకన్లకోసారి ఆర్పితే బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. విరామం ర్యాండమ్‌గా మార్చండి, ఒక చెవిని రెండో చెవి కంటే కాస్త ఆలస్యంగా కదపండి.

లైపో బ్యాటరీ మాత్రం తలలో వద్దు. లైపోకి దెబ్బ తగిలినా, షార్ట్ అయినా మంట వచ్చే ప్రమాదం ఉంది, ఆ టైంలో మనిషి తల దాని పక్కన ఉండకూడదు. నడుముకి పౌచ్‌లో పెట్టి, మెడ వెనక నుంచి లాగితే ఊడొచ్చే కనెక్టర్‌తో వైరు పంపండి. తల మొత్తం ఒక్క చేత్తో రెండు సెకన్లలో తీసేయగలగాలి. చూపు నోట్లోంచి, నల్ల మెష్ వెనక నుంచి. నుదుటి దగ్గర 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి.

మా మొదటి ట్రయల్‌లో కోర్, సర్వోలు, కొమ్ములు కలిపి 1.3 కిలోలు వచ్చింది, చర్మం ఇంకా ఎక్కలేదు. రూమ్మేట్ పావుగంట పెట్టుకుని తీసి, "మామా, బరువు ఓకే రా, కానీ పక్కన ఎవరున్నారో కనిపించట్లేదు" అన్నాడు. కాబట్టి ముక్కుపుటాలు రెండూ మెష్‌గా మారుతున్నాయి, అక్కడి సిలికాన్ కూడా తగ్గుతుంది. ఈవెంట్‌లో పక్కన చేయి పట్టుకుని నడిపించే మనిషి డ్యూటీ నాది.