భీమిలి ఒడ్డున మూడు రోజులు

మన దోమకొండ పిల్లలకు పెద్ద నీళ్లంటే పోచారం, నిజాంసాగరు. సముద్రం చూడాలంటే, అదీ భీమిలి వంటి చోట చూడాలంటే, ఏడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. అంత దూరం వెళ్లిన స్కౌట్ల దళం ఒడ్డున గుడారాలు వేసుకొని, అలల్లో ఆడుకొని, గవ్వలు ఏరుకొని తిరిగి వచ్చేస్తే ఏం లాభం? పెళ్లికి వెళ్లి భోజనం చేయకుండా వచ్చినట్లే!

విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో భీమునిపట్నం ఉంది. అందరూ భీమిలి అంటారు. అక్కడ మకాం పెట్టామనుకుందాం. మొదటి ఉదయం ఎక్కడికి పోవాలి? నన్నడిగితే ఎర్రమట్టి దిబ్బలకే.

భీమిలికి దక్షిణంగా తీరం వెంట ఇవి దాదాపు 5 కిలోమీటర్ల పొడవున పరుచుకొని ఉన్నాయి. కొన్నిచోట్ల 30 మీటర్ల ఎత్తు, అంటే పదంతస్తుల మేడంత. పేరులో మట్టి ఉన్నా ఇది నిజానికి ఇసుక. ప్రతి రేణువు మీదా ఐరన్ ఆక్సైడు పలుచని పూతలా పట్టి ఉంటుంది. తడిసిన మేకు తుప్పు పట్టడం మీరు చూసే ఉంటారు. తూర్పు కనుమల రాళ్ల నుంచి కొట్టుకువచ్చిన ఇసుకలో గార్నెట్ వంటి ఇనుము గల ఖనిజాలున్నాయి. వేల ఏళ్ల ఎండకూ వానకూ అవి శిథిలమై, వాటిలోని ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఇసుకకు ఈ రంగు పట్టించింది. మన ఎర్ర చెలకల రంగుకు కారణమూ ఈ ఇనుమే.

మరి ఇంత ఇసుకను గుట్టలుగా ఎవరు పోశారు? గాలి! సుమారు 20 వేల ఏళ్ల క్రితం, హిమయుగం తీవ్రంగా ఉన్న రోజుల్లో, భూమిమీది నీటిలో ఎంతో భాగం మంచుగా గడ్డకట్టింది. సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగిపోయింది. ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి జరిగింది. అలా బయటపడి ఎండిన ఇసుకను గాలి ఎగరేసి తెచ్చి ఇక్కడ పోసింది. వేసవిలో మంజీర ఎండినప్పుడు ఇసుక లేచి గట్టున పడటం చూసినవారికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. తరువాత మంచు కరిగి సముద్రం మళ్లీ ముందుకు వచ్చింది. దిబ్బలు మిగిలాయి.

లోపలికి నడిస్తే దారి తప్పేటన్ని గండ్లు. చెట్టు కొమ్మల్లా చీలిపోయే ఈ గండ్లను వాననీరు కోసింది. గోడలు నిటారుగా నిలిచి ఉంటాయి. ఐరన్ ఆక్సైడూ కొద్దిపాటి బంకమన్నూ రేణువులను అతికించి ఉంచడమే కారణం. అయితే ఆ అతుకు ఎంత గట్టిది? వేలితో గీస్తే రాలుతుంది. ఒక కుర్రాడు గోడ ఎక్కితే గాడి పడుతుంది, మరుసటి వానకు ఆ గాడి కాలువవుతుంది. అరవైమంది ఎక్కితే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. దక్షిణాసియాలో ఇటువంటి దిబ్బలు ఇక్కడ కాక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయి. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. జాబితాలు మంచివే కాని, అవి కావలి కాయవు. 2024లో దిబ్బల పక్కనే యంత్రాలతో నేల చదును చేయడం పెద్ద వివాదమైంది. కనుక పడి ఉన్న బాటల్లోనే నడవండి. సీసాలో ఎర్ర ఇసుక నింపుకోవద్దు.

ప్రయోగం చేయాలని చేతులు దురదపెడితే సముద్రపు ఒడ్డునే నల్లని చారలుంటాయి, చూడండి. ఎండిన ఇసుకలో కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పితే నల్లని రేణువులు అంటుకుంటాయి. అది మాగ్నటైటు. పక్కనే ఇల్మనైటూ ఉంటుంది, దానిలో టైటానియం ఉంది. ఇంటికి వచ్చాక మన వాగు ఇసుకలోనూ ఇదే ప్రయోగం చేసి, ఎందులో ఎక్కువ నలుపు వచ్చిందో పోల్చండి.

ఇక్కడొక హెచ్చరిక. చెరువులో ఈత వచ్చినవాడికి సముద్రంలో ఈత వచ్చినట్లు కాదు. విశాఖ తీరంలో ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. అలలు విరగకుండా నునుపుగా, దిగడానికి అనువుగా కనిపించే చోటే తరచు ఆ ప్రమాదం దాగి ఉంటుంది. చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. ఒడ్డు వెంట పక్కకు ఈది, ప్రవాహం దాటాక గట్టు చేరాలి. మోకాలి లోతు దాటకపోవడం అన్నిటికన్నా మేలు.

రెండవ రోజు తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువులు కొండమీద వాననీటిని ఎలా నిలవ చేసుకున్నారో చూడవచ్చు. కొండ దిగితే మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. పూట చాలు.

మూడవ రోజు బొర్రా గుహలు. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమవుతుంది, సున్నపురాయిని కరిగిస్తుంది. పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా జారుతూ ఆ సున్నాన్ని మళ్లీ వదిలి స్తంభాలు కడుతుంది. గుహల మీదుగా రైలు పోతుంది, కింద గోస్తని నది పారుతుంది. ఆ గోస్తని ఎక్కడ సముద్రంలో కలుస్తుందో తెలుసా? మీరు గుడారం వేసుకున్న భీమిలిలోనే. తెల్లవారుజామున బయలుదేరితేనే చీకటి పడేలోగా మకాం చేరగలరు. గుహలో మెట్లు తడిగా ఉంటాయి, చెప్పులు జారనివి వేసుకోండి.