కరెంటు కంపెనీ నివేదికలో మన వాడ ఎక్కడ?

మీ వాడలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎన్నాళ్లకు మార్చారు? పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. గడువు దాటితే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలి. దళితవాడల్లో ఆ గడువు ఎన్నిసార్లు దాటిందో తెలుసుకుందామని డిస్కంల వార్షిక నివేదిక తెరిస్తే, అందులో వాడ అనే లెక్కే ఉండదు.

రెండు తెలుగు రాష్ట్రాల డిస్కంలు ప్రభుత్వ కంపెనీలు. 2013 కంపెనీల చట్టం 395వ సెక్షన్ ప్రకారం వాటి వార్షిక నివేదికను ఆడిట్ నివేదికతో, కాగ్ వ్యాఖ్యలతో కలిపి శాసనసభ ముందు పెట్టాలి. అంటే అది ప్రజలకు అప్పజెప్పాల్సిన లెక్క.

ఆ లెక్క ఎక్కడ తప్పుతోంది? మొదటిది, సగటులో. సరఫరా అంతరాయాలను 11 కేవీ ఫీడర్ స్థాయిలో లెక్కిస్తారు. ఒకే ఫీడర్ మీద ఊరూ ఉంటుంది, వాడా ఉంటుంది. ఫీడర్‌లో కరెంటు ఉంటే చాలు, సరఫరా ఉన్నట్టే. చివరి ట్రాన్స్‌ఫార్మర్ కాలి వాడ చీకట్లో ఉన్నా ఆ అంకె కదలదు.

రెండోది, సబ్సిడీలో. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. తెలంగాణలో గృహజ్యోతికి ముందే వారికి 101 యూనిట్ల వరకు ఉచిత పథకం ఉంది. ఇలాంటి సబ్సిడీ సొమ్మును ప్రభుత్వం ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ ఖాతాల్లో మాత్రం సబ్సిడీ అంతా ఒక మొత్తంగా కనిపిస్తుంది. ఎన్ని ఇళ్లకు అందింది, ఎన్ని ఇళ్లను ఎందుకు తొలగించారు, ఆ సొమ్ము సబ్‌ప్లాన్ పద్దు నుంచి వచ్చిందా? తేలాల్సినవి ఇవే.

అడగడానికి దారులు చట్టంలోనే ఉన్నాయి. విద్యుత్ చట్టం 59వ సెక్షన్ ప్రకారం డిస్కంల పనితీరు సమాచారాన్ని మండలి ఏటా కనీసం ఒకసారి ప్రచురించాలి. 64వ సెక్షన్ ప్రకారం టారిఫ్ ఖరారు చేసే ముందు ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిగణించాలి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ కార్యక్రమాల అమలు తీరును, కేటాయింపులను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి.

బహిరంగ విచారణలో మనం ఎక్కువగా చార్జీల పెంపు గురించే మాట్లాడుతున్నాం. ఈసారి మూడు పట్టికలు కూడా అడుగుదాం. ఎస్సీ, ఎస్టీ కాలనీల వారీగా ట్రాన్స్‌ఫార్మర్లు మార్చిన గంటలు, ఉచిత విద్యుత్ అందిన ఇళ్లు, కరెంటు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇస్తే డిస్కం జవాబు కూడా రికార్డుకెక్కుతుంది. వచ్చే ఏడాది ఆ రికార్డు చేతపట్టుకునే మళ్లీ అడగొచ్చు.