జాడ చూపని కారణాంకాలు

67 రెళ్లను వరుసగా హెచ్చవేసి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే 14,75,73,95,25,89,67,64,12,927 మిగులుతుంది. మొత్తం 21 అంకెలు. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ తన జాబితాలో చేర్చాడు. రుజువు ఇవ్వలేదు. అయినా రెండు శతాబ్దాలకు పైగా ఆ మాట చెల్లింది.

1876లో ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ ల్యూకాస్ అది తప్పని తేల్చాడు. విచిత్రమేమిటంటే, ఆ సంఖ్యను ఏది భాగిస్తుందో ఆయనకూ తెలియదు! ఆయన పద్ధతిని తర్వాత గణితవేత్త లేమర్ సులువు చేశాడు. దాన్ని చిన్న సంఖ్య మీద చూద్దాం. 5 రెళ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే 31. ముందుగా 4 తీసుకోండి. వర్గం చేసి 2 తీసేయండి: 14. మళ్లీ అలాగే చేస్తే 194. 31తో భాగిస్తే శేషం 8. ఆ 8తో ఇంకోసారి చేస్తే 62. ఈసారి శేషం సున్నా. అయిదులో రెండు తక్కువ, అంటే మూడుసార్లకు సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రధాన సంఖ్యే. మన 21 అంకెల సంఖ్యకు ఇలా 65 సార్లు చేయాలి. చివర సున్నా రాదు. అంటే దానికి కారణాంకాలున్నాయి. అవేమిటో మాత్రం ఈ లెక్క చెప్పదు.

వాటిని పట్టుకున్నవాడు అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన గణిత సభలో ఆయన నోరు మెదపకుండా బోర్డు మీద ఒకపక్క ఈ సంఖ్యను లెక్కగట్టి, రెండోపక్క 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించి, రెండూ ఒకటేనని చూపి కూర్చున్నాడట. దీనికి మూడేళ్ల ఆదివారాలు పట్టాయని కోల్ తనతో అన్నట్టు గణితవేత్తల కథలు రాసిన ఇ.టి. బెల్ రాశాడు. బెల్ కథలకు కాస్త మసాలా ఎక్కువే. గుణకారం మాత్రం నిజం, కాగితం మీద ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

కోల్ గుడ్డిగా వెతకనక్కర్లేదు. ఈ సంఖ్యను భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా 134 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలి (67కు రెట్టింపు 134). ఈ నియమాన్ని 1640లోనే ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఉత్తరంలో రాసి పంపాడు. ఎవరికనుకున్నారు? మెర్సెన్‌కే! కోల్ పట్టుకున్న చిన్న కారణాంకం 134ను 14,45,580తో గుణించి ఒకటి కలిపినది. దారి తెలిసినా నడక ఎంత దూరమో ఈ సంఖ్య చెబుతుంది.

ప్రధానమా కాదా అని తేల్చడం ఒకటి, విడగొట్టడం వేరొకటి. మొదటిదానికి ఏ సంఖ్యకైనా పనికొచ్చే వేగమైన, కచ్చితమైన పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. రెండోదానికి మామూలు కంప్యూటర్ల మీద అంత వేగమైన పద్ధతి ఇప్పటికీ లేదు. ఇంటర్నెట్‌లో రహస్యాలను కాపాడే ఆర్‌ఎస్‌ఏ విధానం ఈ ఇబ్బంది మీదే ఆధారపడింది. కోల్ సంఖ్యను ఇవాళ మామూలు కంప్యూటర్ కూడా చిటికెలో విడగొడుతుంది. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్య మాత్రం 2020లో గానీ లొంగలేదు, అదీ ఎన్నో కంప్యూటర్లు కలిసి పనిచేస్తేనే. 617 అంకెల ఆర్‌ఎస్‌ఏ-2048ను విడగొట్టానని రుజువుతో ముందుకొచ్చినవారు ఇంతవరకూ లేరు.