కంప్యూటర్ మారినా ఆట పోకూడదంటే...

మన హాస్టల్లో కంప్యూటర్ ఒక్కటే. ఆడేవాళ్ళం మాత్రం చాలామందిమి. ఆదివారం టిఫిన్ అయ్యాక వరుసలో నిలబడితే ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు దొరుకుతాయి. మధ్యలో కరెంటు పోయిందంటే అవీ పోయినట్టే. అలాంటి చోట ఒక ఆటను సగంలో దాచుకుని, వచ్చే ఆదివారం మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టగలగడం ఎంత పెద్ద విషయమో ఇంట్లో సొంత కంప్యూటర్ ఉన్నవాళ్ళకు తెలియదు. అలా దాచుకున్నదాన్నే సేవ్ గేమ్ అంటారు. ఈ ఏడాది మనకు కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు పాతదాంట్లోని సేవ్ గేములను ఎలా తెచ్చుకున్నామో తమ్ముళ్ళకు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు మేము చేసిన తప్పు చెప్పాలి. 2023 వానాకాలంలో పాత కంప్యూటర్ బాగా నెమ్మదించిందని బాగుచేయడానికి పంపాం. బాగుచేసే ఆయన "లోపల ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ఫొటోలు, మార్కుల లిస్టులు డి డ్రైవ్‌లో ఉన్నాయి, వాటిని ముట్టుకోవద్దన్నాం. "ఆటలో?" అంటే, "సీడీలు మా దగ్గరే ఉన్నాయి, మళ్ళీ ఎక్కించుకుంటాం" అని దర్జాగా చెప్పాం. ఆయన సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ వేసి ఇచ్చాడు. ఆటలు ఎక్కించాం. ఆటలు వచ్చాయి గానీ మేము ఆడినవి రాలేదు.

అప్పుడు ఏడో తరగతి తమ్ముడొకడు క్రికెట్ 07లో యాషెస్ సిరీస్ ఆడుతున్నాడు. రెండు గెలిచి, రెండు ఓడి, ఐదో టెస్టులో ఉన్నాడు. "అన్నా, నా మేచ్ ఏటైపోయింది?" అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. అంతకన్నా బాధ, ముందు ఏడాది పదో తరగతి అన్నలు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో కట్టిన ఊరు. పరీక్షలు రాసి వెళ్ళిపోతూ "గోడ సగమే అయింది, మీరు పూర్తి చెయ్యండిరా" అని మాకు అప్పజెప్పి వెళ్ళారు. ఆ అన్నలు ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు గోడ సంగతి అడుగుతారు.

తప్పు ఎక్కడ జరిగింది? ఆట, ఆడిన లెక్క రెండూ ఒకటే అనుకున్నాం. ఆట పాఠ్యపుస్తకం లాంటిది, పోతే ఇంకో కాపీ దొరుకుతుంది. సేవ్ ఫైలు మనం చేత్తో రాసుకున్న నోట్సు. అది ప్రపంచంలో ఒక్కచోటే ఉంటుంది, మన హార్డ్ డిస్కులో. ఫార్మాట్ చేసిన వెంటనే ఇంకేమీ రాయకుండా ఆపి ఉంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంతైనా దొరికే వీలుండేదట. మాకు అది తెలిసేసరికి దాని మీద విండోస్, ఆటలు, రెండు సినిమాలు కూడా ఎక్కేశాయి.

వెనకటి రోజుల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. 1986లో జపాన్‌లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ ఆటలో సేవ్ చేసుకునే వీలే లేదు. ఆపేటప్పుడు ఆట ఒక పొడవైన సంకేతం చూపిస్తుంది, పిల్లలు దాన్ని కాగితం మీద రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పు రాశారంటే అంతే సంగతులు. 1987లో అమెరికాలో అమ్మిన లెజెండ్ ఆఫ్ జెల్డా కార్ట్రిడ్జిలో సేవ్‌ను కాపాడడానికి ఒక చిన్న బ్యాటరీ పెట్టారు. బ్యాటరీ అయిపోతే సేవ్ కూడా పోయేది.

ఇక అసలు విషయం. సేవ్ ఫైలు ఎక్కడ ఉంటుంది? అన్ని ఆటలకూ ఒకటే చోటు ఉంటే ఈ వ్యాసమే అక్కర్లేదు. క్రికెట్ 07 తన పేరుతోనే డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకుంటుంది. ఇది సులువు. మైన్‌క్రాఫ్ట్ యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో దాచుకుంటుంది. యాప్‌డేటా మామూలుగా కంటికి కనిపించదు. ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి దాచిన ఫైళ్ళు చూపించమని పెట్టాలి. డాక్యుమెంట్స్, యాప్‌డేటా రెండూ సి డ్రైవ్‌లో యూజర్స్ కింద మన పేరున్న ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ చేస్తే ముందు పోయేది అదే.

మమ్మల్ని ఏడిపించింది మాత్రం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. ఇది ఆట ఎక్కించిన చోటే, ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల, సేవ్‌గేమ్ అనే ఫోల్డర్‌లో రాస్తుందని విన్నాం. తెరిచి చూస్తే మా ఊరు అందులో లేదు. ఆటలో మాత్రం చక్కగా కనిపిస్తోంది! రెండు సాయంత్రాలు వెతికాం. సంగతేమిటంటే, విండోస్ విస్టా నుంచి మామూలు ప్రోగ్రాములను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయనివ్వరు. పాత ఆట రాయబోతే విండోస్ దానికి తెలియకుండా ఆ ఫైలును పక్కకు మళ్ళించి, యాప్‌డేటాలో లోకల్ కింద వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. ఆట మాత్రం తన ఫోల్డర్‌లోనే రాశాననుకుంటుంది. మా పాత కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 7. వర్చువల్‌స్టోర్ తెరవగానే మా సేవులన్నీ అక్కడే ఉన్నాయి. ఆ రోజు కంప్యూటర్ గదిలో వేసిన కేకలకు వార్డెన్ సార్ పరుగెత్తుకొచ్చారు.

ఫైళ్ళు తీసేటప్పుడు ఆట మూసి ఉండాలి. కట్ చెయ్యకూడదు, కాపీ చెయ్యాలి. మన చింతపల్లిలో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. సగంలో పోయినా కాపీ అయితే పాతది పాతచోటే ఉంటుంది. ఒక్కొక్క ఫైలు కాకుండా ఫోల్డర్ మొత్తం తీసుకోవడం మేలు. చాలా ఆటల్లో పాత సేవ్ ఫైలు సైజు ఒక పాటంత కూడా ఉండదు కాబట్టి చోటుకు ఇబ్బంది లేదు. మేము రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాం. బజారులో జెరాక్స్ షాపులకు తిరిగిన పెన్‌డ్రైవ్‌ను మాత్రం నమ్మకండి. ఫోల్డర్లన్నిటినీ దాచేసి వాటి బదులు షార్ట్‌కట్లు పెట్టే వైరస్ మన అందరికీ పరిచయమే.

ఏ ఆట, ఏ ఫోల్డర్, ఎన్ని ఫైళ్ళు అని ఒక కాగితం మీద రాశాం. 1922 ఆగస్టు 22న మన చింతపల్లి పోలీసు స్టేషన్ నుంచి తుపాకులు తీసుకెళ్తూ అల్లూరి సీతారామరాజు గారు ఏమేం తీసుకున్నారో అక్కడి పుస్తకంలో రాసి సంతకం పెట్టారని చెబుతారు. మేము అంతటివాళ్ళం కాదు గానీ, జాబితా రాయడం ఈ ఊరికి కొత్త కాదు.

కొత్త కంప్యూటర్‌లో ముందు ఆట ఎక్కించి, ఒకసారి తెరిచి మూసెయ్యాలి. అప్పుడు అది తన ఖాళీ ఫోల్డర్ తయారు చేసుకుంటుంది. అందులో మన ఫైళ్ళు పెట్టాలి. "రీప్లేస్ చెయ్యాలా?" అని అడిగితే తేదీలు చూసి, ఏది దేని మీద పడుతోందో గమనించాకే సరే అనండి. ఆట వెర్షన్ కూడా పాతదే ఉండాలి, వేరేదైతే సేవ్ తెరుచుకోకపోవచ్చు. పాత ఆటలను కొత్త విండోస్‌లో నడిపించడానికి పడ్డ పాట్లు ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేద్దాం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లలో ఎక్కదు. కాబట్టి మీ బళ్ళోనో, ఊళ్ళో తెలిసినవాళ్ళ ఇంట్లోనో కంప్యూటర్ మారుస్తుంటే, పాతదాన్ని ఎవరికైనా ఇచ్చేముందు ఈ ఫోల్డర్లు ఒకసారి చూడమని చెప్పండి.

మేము కట్టిన ఊరు కొత్త కంప్యూటర్‌లో తెరుచుకుంది. గొర్రెలు, పొలాలు, అన్నల మాట మీద మళ్ళీ మొదలుపెట్టిన గోడ అన్నీ ఉన్నాయి. గోడ ఈసారి కూడా ఉత్తరం వైపు మిగిలింది. ఒక పెన్‌డ్రైవ్, ఆ కాగితం వార్డెన్ సార్ బీరువాలో ఉన్నాయి. వచ్చే ఏడాది పదో తరగతికి వచ్చేవాళ్ళు సార్‌ని అడిగి తీసుకోండి.